కరెంటు పోగానే ఆఫీసు ఫోన్లు ఆగిపోతున్నాయా? ముందు పవర్ వైపు చూడండి

పాత ల్యాండ్‌లైన్ రోజుల్లో ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఎక్స్ఛేంజిలో 2 వోల్టుల సెల్స్ 24 వరుసగా కలిపిన బ్యాటరీ బ్యాంకు ఉండేది. దాని మైనస్ 48 వోల్టుల డీసీ, మాట వచ్చే రెండు రాగి తీగల మీదే మన దాకా వచ్చేది. ఇప్పుడు మాట, డేటా రెండూ ఒకే నెట్‌వర్క్‌లో పోతున్నాయి. ఫైబర్‌లో వచ్చేది వెలుగు, దాంతో ఫోన్‌కు కరెంటు రాదు. అప్పుడు ఎక్స్ఛేంజి చూసుకున్న పని ఇప్పుడు మన గోడకున్న యూపీఎస్, అడాప్టర్, పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే ఫోన్లకు కరెంటు కూడా పంపే పెట్టె) చేయాలి. వరంగల్, హనుమకొండ, నర్సంపేట ఆఫీసుల్లో నాకు తరచుగా ఎదురయ్యేవి ఇవి.

సమస్య: కరెంటు పోయిన క్షణంలో కాల్ కట్ అవుతుంది, ఫోన్లన్నీ రీస్టార్ట్ అవుతాయి

ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని వెనక స్విచ్ చూడండి. నార్మల్ మోడ్‌లో ఉంటే బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఈలోపు పీఓఈ స్విచ్ ఆరిపోతుంది. యూపీఎస్ మోడ్‌కు మార్చండి.

యూపీఎస్ ఉండీ ఇలా అయితే బ్యాటరీనే అనుమానించాలి. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణం నుంచి పిలుపొచ్చింది. రైతులు కాంటా దగ్గర నిలబడి ఉన్నారు, ధర అడగడానికి ఫోన్ లేదు. బ్యాటరీకి మీటర్ పెడితే 13.6 వోల్టులు. బాగుందనే అనిపిస్తుంది, కానీ అది ఛార్జర్ ఇస్తున్న వోల్టేజీ, బ్యాటరీ సత్తా కాదు. లోడ్ అలాగే ఉంచి గోడ ప్లగ్గు పీకాను. కళ్ల ముందే 11, తర్వాత 10.4, వెంటనే యూపీఎస్ కూత పెట్టి ఆగిపోయింది. లోడ్ మీద నిమిషంలోపే 10.5 కిందికి జారిన 12 వోల్టుల బ్యాటరీని మార్చాల్సిందే.

అది అంత తొందరగా ఎందుకు పోయిందంటే, యూపీఎస్ రేకుల గదిలో ఉంది. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకు యూపీఎస్‌లో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మన ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. కొత్త బ్యాటరీ వేసి, యూపీఎస్‌ను కింది గదిలోకి దింపించాను. రెండు బ్యాటరీలున్న యూపీఎస్‌లో రెండూ కలిపే మార్చండి. మూత తీయాల్సి వస్తే మాత్రం తెలిసినవాళ్లతోనే తీయించండి, ప్లగ్గు పీకినా లోపల షాక్ కొట్టే ప్రమాదం ఉంటుంది.

సమస్య: ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి, కాల్ వెళ్లదు

పీఓఈ స్విచ్‌కు యూపీఎస్ ఉంది, బయటి లైను తెచ్చే ఫైబర్ బాక్స్ మామూలు ప్లగ్గులో ఉంది. దాన్ని కూడా యూపీఎస్‌కు మార్చండి.

సమస్య: పగలంతా బాగుంటాయి, చీకటి పడగానే ఒకటి రెండు ఫోన్లు ఆరి వెలుగుతాయి

ఇది లెక్క తప్పిన పవర్. 60 వాట్ల పీఓఈ స్విచ్ మీద ఐదు కెమెరాలు, మూడు ఫోన్లు ఉన్నాయనుకోండి. పగలు కెమెరాకు 5 వాట్లు, ఫోన్‌కు 4 చొప్పున మొత్తం 37. రాత్రి కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి ఒక్కోటి 11 వాట్లు లాగితే 67 అవుతుంది. స్విచ్ తక్కువ ప్రాధాన్యమున్న పోర్టును కోసేస్తుంది. సెట్టింగుల్లో ఫోన్ల పోర్టులకు ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వండి. ఆ సౌకర్యం లేని స్విచ్ అయితే కెమెరాలను వేరే స్విచ్‌కు మార్చండి. నా మాటైతే రెండోదే మేలు.

సమస్య: చివరి గదిలోని ఫోన్ ఒక్కటే ఇబ్బంది పెడుతుంది

ఆ ఫోన్‌ను తెచ్చి స్విచ్ పక్కనే చిన్న కేబుల్‌తో పెట్టి చూడండి. అక్కడ బాగుంటే లోపం మధ్యలోని కేబుల్‌లో ఉంది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక కేబుల్‌లో నిరోధం ఎక్కువ, వోల్టులు దారిలోనే కరిగిపోతాయి. అసలు రాగి కేబుల్ వేయించండి, 100 మీటర్లు దాటనివ్వకండి.

ఒక జాగ్రత్త. ప్రామాణిక పీఓఈ స్విచ్, అవతల పరికరం పవర్ తీసుకునే రకమో కాదో పరీక్షించాకే వోల్టేజీ పంపుతుంది. కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న అడాప్టర్ లాంటి పాసివ్ ఇంజెక్టర్ ఏమీ అడగకుండానే పంపుతుంది. 24 వోల్టుల వైర్‌లెస్ రేడియో పక్కన 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ ఉంటే, పొరపాటున ఒకదానికొకటి తగిలించకుండా రెండింటి మీదా పెద్ద అక్షరాలతో వోల్టులు రాసి అతికించండి.