స్థలం అమ్మితే 234సి వడ్డీ పడింది, ఇలా తీయించాను

పర్లాకిమిడిలో నాన్నగారి స్థలం జనవరిలో అమ్మి, లాభం మీద పన్ను మొత్తం మార్చి 15 లోపే అడ్వాన్స్ ట్యాక్స్‌గా (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే ఆదాయపు పన్ను) కట్టేశాను. తీరా జూలైలో రిటర్న్ తయారుచేస్తే జూన్, సెప్టెంబర్, డిసెంబర్ వాయిదాలు మూడింటికీ నెలకు 1 శాతం చొప్పున 234సి వడ్డీ, అంటే ఆదాయపు పన్ను చట్టంలో వాయిదా ఆలస్యానికి వేసేది! జనవరిలో వచ్చే డబ్బుకి జూన్‌లోనే పన్ను కట్టాలంటే జాతకం చూపించుకోవాలి కాబోలు. మా అకౌంటెంట్‌ని అడిగితే "సిస్టమ్ చూపించింది కట్టేయండి సార్, చిన్న మొత్తమే కదా" అన్నారు. నాకు మనసొప్పలేదు.

విషయం రిటర్న్‌లో ఆస్తి అమ్మిన లాభాలు చూపే షెడ్యూల్ సిజి చివరి పట్టికలో ఉంది. లాభం ఎప్పుడు వచ్చిందో అక్కడ అయిదు గడుల్లో విడదీసి వేయాలి, మాది మొత్తం మొదటి గడిలో, అంటే జూన్ 15 లోపు వచ్చినట్టు వేశారు. డిసెంబర్ 16 నుంచి మార్చి 15 వరకు ఉన్న నాలుగో గడిలోకి మార్చగానే 234సి సున్నా అయింది. ఇలాంటి లాభం మీద పన్ను అమ్మకం తర్వాత మిగిలిన వాయిదాల్లో కడితే చాలు, అదీ కుదరకపోతే మార్చి 31 లోపు.

234బి, అంటే అడ్వాన్స్ ట్యాక్స్ మొత్తంగా తక్కువ కట్టినందుకు పడే వడ్డీ, సంగతి వేరు. మార్చి 31కి కట్టాల్సిన పన్నులో 90 శాతం కట్టకపోతే ఏప్రిల్ నుంచి నెలనెలా పెరుగుతుంది, ఒక్క రోజు దాటినా పూర్తి నెల లెక్కే, అక్కడ మాత్రం త్వరగా కట్టేయడమే.