లెవెల్ పైపుతో బండలకు మట్టం పట్టడం

లేజర్ మిషన్లు వచ్చాక, నీళ్లు నింపి మట్టం చూసే లెవెల్ పైపు పట్టే బేల్దారులు తగ్గిపోయారు. నేను మాత్రం అనంతపురంలో ఏ ఇంట్లో బండలు పరచాలన్నా పైపు చుట్ట భుజాన వేసుకునే పోతాను. మా ఎండకు లేజర్ గీత ఆరుబయట కనపడదు, గోడ మలుపు తిరిగి పక్క గదిలోకి అసలే పోదు. నీళ్లు పోతాయి.

లోపల నీళ్లు కనపడే పైపు, అరంగుళం లోపుది, పదిహేను మీటర్లు కొనండి. మరీ సన్నదైతే బుడగ ఇరుక్కుని కదలదు.

నింపడంలోనే ఉంది పనంతా. కొళాయికి తగిలిస్తే గాలి కూడా చొరబడుతుంది. బకెట్‌ను ఎత్తుమీద పెట్టి, ఒక కొస అందులో ముంచి, రెండోది కిందికి దించి నోటితో పీల్చండి. నీళ్లు అంచు దాటి కిందికి దిగాయంటే ఇక వాటంతటవే వస్తాయి. బకెట్‌లోని నీటిమీద గాలి నొక్కుతుంటుంది, దిగిన వైపు నీటి బరువు లాగుతుంటుంది. కింది కొస బకెట్ మట్టం కంటే దిగువన ఉన్నంతసేపు ధార ఆగదు. కాసేపు పారనిచ్చి, పైపు పొడవునా వేలితో తడుతూ బుడగలు పోగొట్టండి.

చిన్న బుడగకు ఇంత రాద్ధాంతమా అంటారేమో. నీటి ఒత్తిడి నిలువెత్తును బట్టే ఉంటుంది, పైపు ఎన్ని వంకరలు పోయినా లెక్కలేదు. రెండు వైపులా ఒత్తిడి సమానమయ్యేదాకా నీళ్లు ఊగి, అప్పుడు ఆగుతాయి. నిలువుగా ఉన్న చోట రెండు సెంటీమీటర్ల గాలి అడ్డంపడితే, ఆ వైపు నీళ్లు అంతే ఎత్తుగా నిలుస్తాయి. గది అంతా ఆ తప్పుతోనే లేస్తుంది.

గుమ్మం దగ్గర నేల ఎక్కడికి రావాలో చూసుకుని, దానికి సరిగ్గా మీటరు పైన గీత గీయండి. ఒకరు ఆ గీత దగ్గర, ఇంకొకరు ఎదురు గోడ దగ్గర పైపు పట్టుకోవాలి. మోసేటప్పుడు కొసలు బొటనవేళ్లతో మూయండి, గోడ దగ్గర రెండూ తెరవండి. ఒక్క వేలు తీయకపోయినా లోపలి గాలి నీళ్లను సరిగా కదలనివ్వదు.

"ఆగిందా అబ్బీ?"

"ఇంకా ఊగుతాందన్నా."

ఊగుతుంటే గీత గీయొద్దు. గొట్టంలో నీళ్ల అంచు పైకి పాకి, నడుమ గుంటలా ఉంటుంది. ఇద్దరూ ఆ గుంట అడుగునే చూడాలి. మొదటివాడి నీళ్లు గీత మీదికి వచ్చేలా పైపు పైకీ కిందికీ జరిపి, ఆగాక రెండోవాడు గుర్తు పెట్టాలి.

వేసవిలో ఇంకో తిరకాసు. ఒక కొస ఎండలో, ఇంకొకటి నీడలో ఉంటే వేడి నీళ్లు తేలికై ఎత్తుగా నిలుస్తాయి. 25 డిగ్రీలకు, 40 డిగ్రీలకు నీటి బరువు దాదాపు అర శాతం తేడా. నిలువున మీటరు నీళ్లుంటే 5 మిల్లీమీటర్లు పోయినట్టే. పొద్దున్నే కానివ్వండి.

గదులన్నీ చుట్టి మళ్లీ గుమ్మం గీతకే రండి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ఎక్కడో బుడగ ఉన్నట్టే, మొదటినుంచి పట్టాల్సిందే. సరిపోతే గుర్తులకు దారం కొట్టి, కిందికి మీటరు కొలుచుకుంటూ బండ పరచండి. కడప బండ ఒక్కోటి ఒక్కో మందం, అందుకని కొలత బండ పైముఖానికే. తేడాను అడుగు మాలుతో సర్దుకోండి. బాత్రూంలో మాత్రం దారం నుంచి నీళ్లు పోయే జాలీ వైపు నాలుగడుగులకు ఒక అంగుళం చొప్పున వాటం దించండి.