కారా, మెట్రోనా? ముందు రెండు చివర్లూ చూసుకోండి

హయత్‌నగర్, వనస్థలిపురం వైపు ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవాళ్లకు ఒక మాట. ఎల్బీనగర్‌లో రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారడం పెద్ద పనేం కాదు. ఇంటి నుంచి స్టేషన్‌కి, రాయదుర్గంలో దిగాక ఆఫీసు గేటు దాకా ఎలా వెళ్తారన్నదే అసలు లెక్క. షటిల్ ఉందా, నడవగలిగే దూరమేనా, లేక ట్రాఫిక్‌లో నిలబడి వచ్చిన ప్రతి ఆటోకీ చెయ్యి ఊపాలా? ఆ ఆటో ఖర్చు రోజూ మెట్రో టికెట్‌ని మించిపోతుంటే మాత్రం మెట్రో చవక అనుకోకండి.

ఇటు, ఇంటి వైపు చివర సులువే. బైక్ స్టేషన్ పార్కింగ్‌లో పెట్టేయొచ్చు. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబర్ నుంచి ఉచితమే కదా.

కారైతే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలిలో దిగొచ్చు, రోడ్డు హాయిగా ఉంటుంది. కానీ చుట్టు తిరుగుడు. రానూపోనూ తేలిగ్గా 100 కిలోమీటర్లు దాటుతుంది. లీటరుకు 15 ఇచ్చే కారుకి ఆరున్నర లీటర్లకు పైనే పెట్రోలు, టోల్ అదనం. దిగాక ఆ చివరి మూడు నాలుగు కిలోమీటర్ల టెన్షన్ సంగతి సరేసరి. బైక్‌లకైతే ఔటర్ మీదికి అనుమతే లేదు.

నన్నడిగితే మామూలు రోజుల్లో బైక్ ప్లస్ మెట్రో. లేట్ షిఫ్ట్ రోజున మాత్రం చివరి రైలు టైమ్ చూసుకోండి, అందదనిపిస్తే కారు తీయండి.