వడ్డించిన విస్తరి: ఎవరిని అనాలి, ఎవరిని అనకూడదు

విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటూ పదిహేనేళ్లుగా పెళ్లి వంటలు ఒప్పుకుంటున్నాను. విస్తళ్ల మధ్యే బతుకు కాబట్టి ఎవరైనా ‘వాడికేం, వడ్డించిన విస్తరి’ అంటే చెవి అటే పోతుంది. చాలామంది ఎవరిని పడితే వాళ్లను అనేస్తారు. నేనూ ఒకసారి అని మాట పడ్డాను.

ముందు అసలు విస్తరి సంగతి. అరిటాకైతే కొస తినేవాళ్ల ఎడమచేతి వైపు రావాలి. నీళ్లు చిలకరించి తుడిచాక పిండివంట, కూరలు, పచ్చడి, పప్పు వేస్తాం. ఆ తర్వాతే అన్నం, దాని మీద నెయ్యి. నెయ్యి పడేదాకా పెద్దవాళ్లు చెయ్యి పెట్టరు. అడ్డాకులో మోదుగాకులో అయితే పుల్లలతో కుట్టి ఉంటాయి, కుట్టు వదులైతే పులుసంతా కిందికే. ఇన్నీ అయ్యాక వచ్చి కూర్చున్నవాడికి మిగిలిన పని ఒక్కటే, కలుపుకుని తినడం. తెల్లవారుజామున మూడింటికి గాడిపొయ్యి పొగకు ఎవరి కళ్లు మండాయో వాడికి తెలియదు. తెలియక్కర్లేదు కూడా. ఆ సుఖమే ఈ మాట.

అందుకే అనేముందు వడ్డించింది ఎవరో చూసుకోండి. తాత కొన్న పొలం, తండ్రి కట్టిన మేడ, అద్దెలు వసూలు చేసుకునే మనవడు: వాడిని అనొచ్చు. ముప్పయ్యేళ్లు లారీ నడిపి ఇప్పుడు అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న పెద్దాయన్ని అనకూడదు. ఆయన వంటా ఆయనదే, వడ్డనా ఆయనదే.

నేను మాట పడింది ఇక్కడే. వన్‌టౌన్‌లో షాపు ఉన్న కుర్రాడు తన పెళ్లికి వంట మాట్లాడటానికి వాళ్లమ్మతో వచ్చాడు. ‘నీకేం బాబూ, నాన్నగారి షాపు, వడ్డించిన విస్తరి’ అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసి, ‘వడ్డించారు లెండి, అప్పులు. నాలుగేళ్లు తీర్చాడు’ అన్నారు. ఆ రోజు అడ్వాన్సు అడగడానికి నోరు రాలేదు.

‘జీవితం వడ్డించిన విస్తరి కాదు’ అనడంలో మాత్రం ఇబ్బంది లేదు. ఇంట్లో పిల్లలకు అందరం చెప్పేదే.

పని సులువుగా అయిపోతే ఈ మాట కాదు, దానికి ‘నల్లేరు మీద బండి నడక’ ఉంది. నల్లేరు నాలుగు పలకల కాడ ఉన్న కండగల తీగ. బండి చక్రం కింద ఇట్టే నలిగిపోతుంది, కుదుపే ఉండదు. ఈమధ్య టీవీలో బండిని తీసేసి ‘నల్లేరు మీద నడక’ అంటున్నారు. పచ్చడికి లేత కాడలు ఒలిచేటప్పుడు చేతులకు నూనె రాసుకోకపోతే ఒకటే దురద. ఆ తీగ మీద ఉత్త కాళ్లతో నడవమంటే నేనైతే నడవను.

ఇంకో విస్తరి సామెత ఉంది, దీంతో కలిపేయకండి: ‘అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది.’ అది సుఖం గురించి కాదు, గొప్పలు పోయేవాళ్ల గురించి. నిజంగానే ఎగురుతుంది. ఫ్యాన్ కింద బంతి వేస్తే చిటికెడు ఉప్పుకు ఆగదు, వడ్డన మొదలయ్యేదాకా మంచినీళ్ల గ్లాసు ఆకు మీదే పెట్టిస్తాను.