ఫోమింగ్ ఫేస్‌వాష్ వాడే ముందు

☐ ట్యూబు వెనక్కి తిప్పి చదవండి. పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. ముందు వేపాకు బొమ్మ పెద్దగా ఉండి, వెనక వేప పేరు చిట్టచివర ఉంటే ఆ బొమ్మకు డబ్బులు పెట్టకండి.

☐ నురగ తెప్పించేది ఏదో చూడండి, అసలు సంగతి ఇదే. సోడియం లారిల్ సల్ఫేట్ చర్మాన్ని ఎండబెడుతుంది, కొందరికి మంట కూడా పుడుతుంది. సోడియం లారెత్ సల్ఫేట్ దానికన్నా నయం. కోకో గ్లూకోసైడ్ ఇంకా సౌమ్యం. నురగ ఎక్కువైతే ముఖం ఎక్కువ శుభ్రమవుతుందన్నది ఉత్త భ్రమ.

☐ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పాటు మిరిస్టిక్, స్టియరిక్ యాసిడ్లు మొదట్లోనే కనిపిస్తే అది సబ్బు రకం. నల్లగొండ, దేవరకొండ వైపు ఉప్పు బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ కట్టదు, తెల్లటి తెట్టు చర్మానికి అంటుకుంటుంది. బోరు నీళ్లే దిక్కైతే సబ్బు లేనిదే తీసుకోండి.

☐ గ్లిజరిన్ పేరు పైవరుసలో ఉంటే మంచిది.

☐ చర్మం సున్నితమైతే సువాసన కలిపింది వద్దు.

☐ మొటిమలకని సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది తెచ్చారా? రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. పాలమూరు ఎండల్లో ముఖం ఇట్టే పొడిబారుతుంది.

☐ ముందుగా మోచేతి మడతలో రాసి కడిగి, ఒకరోజు ఆగండి. దద్దురు, దురద వస్తే ముఖం దాకా పోనివ్వకండి.