స్టాటిక్ అసర్ట్ ఆపితే అంకె మార్చకండి

పోయిన నెల మా టీమ్‌కి రెండు రాత్రులు నిద్ర లేదు. మా సీ లైబ్రరీ పబ్లిక్ హెడర్‌లోని (వాడేవాళ్లు తమ కోడ్‌లో చేర్చుకునే ఫైల్) ఒక స్ట్రక్ట్‌లో, అంటే కొన్ని ఫీల్డుల కట్టలో, కొత్తగా ఒక పాయింటర్ చేరింది. సైజు 48 బైట్లే ఉండాలన్న స్టాటిక్ అసర్ట్ (షరతు తప్పితే కంపైల్ కానివ్వని చెక్) బిల్డ్‌ను ఆపేసింది. 48 తీసేసి 56 పెట్టారు. బిల్డ్ పాసైంది. రివ్యూ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఎందుకు మార్చారని అడగలేదు.

పాత హెడర్‌తో కంపైలైన అప్లికేషన్ స్టాక్ మీద 48 బైట్లే తీసుకుని ఆ అడ్రస్ మాకిస్తుంది. కొత్త లైబ్రరీ అక్కడ 56 బైట్ల మేర సున్నాలు రాస్తుంది. ఆ పక్క 8 బైట్లలో ఏముంటే అది పోతుంది. క్రాష్ మాత్రం సంబంధం లేని ఇంకో ఫంక్షన్‌లో వస్తుంది, అందుకే వెతకడానికి అంతసేపు పట్టింది.

ఇప్పుడు ఇది చెప్పడానికి కారణం ఉంది. 2038 జనవరిలో 32 బిట్ల టైమ్ లెక్క నిండిపోతుంది. ఆ సమస్య కోసం 32 బిట్ బోర్డుల మీద టైమ్_టిని (సమయాన్ని దాచే టైప్) 64 బిట్లకు మార్చే పని చాలాచోట్ల నడుస్తోంది. లినక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో 2021లో వచ్చిన 2.34 నుంచి ఆ వీలుంది. అలా మారిస్తే సమయాన్ని పట్టుకునే టైమ్‌వాల్ స్ట్రక్ట్ 8 బైట్ల నుంచి 16 అవుతుంది. దాన్ని లోపల పెట్టుకున్న మీ స్ట్రక్టులన్నీ పెరుగుతాయి, అసర్ట్‌లు వరసగా ఫెయిలవుతాయి. రిలీజ్ టెన్షన్‌లో చెయ్యి నేరుగా ఆ అంకె మీదికే వెళ్తుంది. అంకె మార్చకండి. ముందే ఖాళీగా ఉంచిన రిజర్వ్‌డ్ ఫీల్డ్ ఉంటే అందులో సర్దండి. లేదంటే సైజు మారిందని ఒప్పుకుని లైబ్రరీ సోనేమ్ (పాత అప్లికేషన్లు కొత్త లైబ్రరీని లోడ్ చేయకుండా ఆపే వెర్షన్ పేరు) పెంచండి, అంకెను ఆ పాచ్‌లోనే మార్చండి.

అసర్ట్ పబ్లిక్ హెడర్‌లోనే ఉండాలి. సోర్స్ ఫైల్లో పెడితే మీ బిల్డ్‌ను మాత్రమే చూస్తుంది. మీరు 64 బిట్ టైమ్ ఫ్లాగ్‌తో కట్టి, వాడేవాళ్లు అది లేకుండా కంపైల్ చేస్తే ఆ తేడా హెడర్‌లో ఉన్న అసర్ట్‌కే దొరుకుతుంది. ఎవరో ప్రాగ్మా ప్యాక్ (ఫీల్డుల మధ్య ఖాళీ తీసేసే ఆదేశం) తెరిచి మూయకుండా వదిలేసినా అంతే.

సైజు ఒక్కటే చాలదు. రెండు ఇంట్ ఫీల్డులు అటూ ఇటూ మారినా సైజు అదే ఉంటుంది. ముఖ్యమైన ఫీల్డులకు, అవి స్ట్రక్ట్‌లో ఎక్కడున్నాయో చెప్పే ఆఫ్‌సెటాఫ్‌తో కూడా చెక్ పెట్టండి.

ఫీల్డుల సైజులు కూడి పోల్చకండి, మధ్యలో ప్యాడింగ్ (కంపైలర్ వదిలే ఖాళీ బైట్లు) ఉంటుంది. ఒక 64 బిట్ ఇంటీజర్, ఒక చార్ ఉన్న స్ట్రక్ట్ 32 బిట్ ఎక్స్86 లినక్స్‌లో 12 బైట్లు, 32 బిట్ ఆర్మ్‌లో 16. ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ దాని అంకె రాయండి. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చూసే మామూలు అసర్ట్‌తో సరిపెట్టకండి, ఎన్‌డీబగ్ మాక్రో పెడితే అది మాయమవుతుంది. స్టాటిక్ అసర్ట్ తెచ్చిన సీ11 ప్రమాణం లేని పాత కంపైలరైతే, షరతు తప్పితే అర్రే సైజు నెగటివై కంపైల్ ఆగే ట్రిక్ వాడండి. ఫెయిలైన అసర్ట్‌ను కామెంట్ చేయొద్దు. ఇఫ్‌డెఫ్‌లో దాచొద్దు. సమానం గుర్తు తీసి 'కంటే ఎక్కువ' పెట్టొద్దు. అంకె ఒక్కటే మార్చొద్దు. అంకె మారిన పాచ్ మీ ముందుకొస్తే, సోనేమ్ కూడా మారిందో లేదో చూడకుండా ఓకే చెప్పొద్దు.