వంటసోడాతో వంటింటి గట్టు శుభ్రం చేయడం ఎలా? (తెల్లచారలు మిగలకుండా)

ఎవరింట్లోనైనా నల్లరాతి గట్టు మీద ముగ్గుచెయ్యి పెట్టినట్టు తెల్లటి చారలు కనిపిస్తే, జరిగింది నాకు అర్థమైపోతుంది. వంటసోడా వేసి రుద్దమని వాళ్ళకి ఎవరో చెప్పారు. దాన్ని తీయడం ఎలాగో మాత్రం చెప్పలేదు. మా ఒంగోలు ఇంట్లో గట్టుకి వేసింది చీమకుర్తి గెలాక్సీ రాయి, నలుపులో బంగారు చుక్కలు మెరిసేది. ఆ రాయి మీద రవ్వంత పొడి మిగిలినా గుమ్మంలోంచే కనబడుతుంది. పదిహేనేళ్ళుగా దాన్ని వారానికోసారి సోడాతోనే తుడుస్తున్నాను, ఒక్క చార లేదు.

కావలసినవి

వంటసోడా, ఒక గిన్నె, నీళ్ళు, మూడు నూలుగుడ్డలు. కొట్లో "తినే సోడా" అని అడగండి. ఊరికే సోడా అంటే బట్టల సోడా పొట్లం కట్టినా కట్టొచ్చు. రెండూ తెల్లటి పొడులే కానీ తినేది సోడియం బైకార్బనేట్, బట్టలది సోడియం కార్బనేట్. మొదటిది నీళ్ళలో కలిపితే పీహెచ్ (క్షారం ఎంత ఘాటో చెప్పే కొలత) 8 దాటి కొంచెం, రెండోది 11 దాకా పోతుంది. అది చేతులు మండిస్తుంది. బేకింగ్ పౌడర్ కూడా వద్దు, అందులో పిండీ పులుపు పొడీ కలిపి ఉంటాయి.

గుడ్డలు ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచెవే అయి ఉండాలి. మైక్రోఫైబర్ గుడ్డలు నాకు నచ్చవు.

అల్యూమినియం గిన్నెల జోలికి పోవద్దు, నల్లబడతాయి. నాన్‌స్టిక్ పెనం, టీవీ తెర, పాలిష్ పట్టిన చెక్క, నున్నటి పాలరాయి కూడా వద్దు. గ్రానైటు, గాజు స్టవ్ పైభాగం, స్టీలు సింకు, ఫ్రిజ్ లోపలి అరలు, గోడ టైల్స్, వీటికి బాగా పనికొస్తుంది. సోడా రేణువు గాజుకన్నా, గ్రానైటుకన్నా మెత్తన. అందుకే గీతలు పడకుండా జిడ్డును గీకుతుంది. స్టీలు పీచుతో రుద్దితే మాత్రం ఆ గీతలు సోడావి కావు, మీవి.

మొదలుపెట్టడం

స్టవ్ ఆర్పి చల్లారనివ్వండి. గట్టు మీద ఉన్నవన్నీ తీసి, మెతుకులు, పోపు గింజలు ఊడ్చేయండి. మూడు చెంచాల సోడాకి ఒక చెంచా నీళ్ళు. తాంబూలంలో రాసుకునే సున్నం ఎలా ఉంటుందో అలా రావాలి. మజ్జిగలా జారితే ఇంకొంచెం సోడా వేయండి. జిడ్డు ఉన్నచోట మాత్రమే, పల్చగా పూయండి. గట్టంతా మెత్తిన వాళ్ళే తర్వాత గంటసేపు తుడుస్తూ కూర్చుంటారు.

అసలు కష్టం: తీయడం

ఇక్కడే అందరూ చెడగొడతారు.

పూసిన ముద్ద ఎండకూడదు. పది నిమిషాలు ఉంచమని అందరూ రాస్తారు, అది చలికాలం మాట. మన రోహిణికార్తెలో, పైన ఫ్యాను తిరుగుతుంటే, నాలుగు నిమిషాలకే అంచులు తెల్లగా పొడిబారతాయి. ఎండిందంటే సోడా రాతి సందుల్లో, స్టవ్ బర్నర్ చుట్టూ పట్టేస్తుంది, తర్వాత మళ్ళీ మళ్ళీ తడిపి తుడిస్తే గానీ చార పోదు. అందుకని ఫ్యాను ఆపండి. చెమట పట్టినా ఆపండి. ముద్ద మీద మొదటి గుడ్డ తడిపి, పిండి పరవండి, అప్పుడు పది నిమిషాలూ నిలుస్తుంది. మొండి మసి అయితే మధ్యలో ఒకసారి గుడ్డ ఎత్తి వేలితో రుద్ది చూడండి. జిడ్డు వదిలి ముద్ద గోధుమరంగుకి తిరిగి ఉంటే సమయం అయినట్టే.

ఇప్పుడు అదే మొదటి గుడ్డ. ఉతికి, గట్టిగా పిండి, గట్టు అవతలి అంచునుంచి మీ వైపుకి ఒకే దిక్కుగా ముద్దను లాగండి. గుండ్రంగా తిప్పొద్దు. తిప్పితే తీసినట్టు ఉండదు, అలికినట్టు ఉంటుంది. ఒకసారి లాగాక గుడ్డ మడత మార్చండి, నాలుగు మడతలూ అయ్యాక ఉతికి పిండండి. అదే మురికి గుడ్డతో గట్టంతా తిరిగేవాళ్ళని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

రెండో గుడ్డ మామూలు నీళ్ళతో, రెండుసార్లు. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, బకెట్ అడుగునే తెల్లగా పేరుకుపోతాయి. ఆ నీళ్ళతో కడిగి అలాగే ఆరనిస్తే సోడా పోయినా నీళ్ళ మరక మిగులుతుంది, మనం మళ్ళీ సోడానే తిడతాం. అందుకని చివరి తుడుపు తాగే క్యాన్ నీళ్ళతో చేయండి, ఒక గ్లాసు చాలు. వెంటనే మూడో పొడి గుడ్డతో, రాయి మీద మీ మొహం మసగ్గా కనబడేదాకా తుడవండి. తర్వాత అరచేత్తో నిమిరి చూడండి. గరుకుగా తగిలితే సోడా ఇంకా ఉందన్నమాట, ఇంకోసారి తడి, ఇంకోసారి పొడి. ఇక్కడ బద్ధకించొద్దు.

కుళాయి మీది తెల్లటి పక్కు మాత్రం సోడాకి లొంగదు. అది బోరు నీళ్ళలోని సున్నం, దానికి పులుపు కావాలి. పొదలకూరు నిమ్మకాయ చెక్క ఒకటి రుద్ది ఐదు నిమిషాలాగి కడగండి. పాలరాతి మీద మాత్రం నిమ్మరసం చుక్క పడనివ్వొద్దు, మచ్చ పడుతుంది.

రెండూ కలిపితే?

సోడా మీద వెనిగర్ పోసి బుసబుసమని పొంగగానే మురికంతా లేచిపోతుందని వీడియోల్లో చూపిస్తారు. ఆ పొంగేది కార్బన్ డయాక్సైడ్. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపేసుకున్నాక గిన్నెలో మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళలాంటిదే. చూడ్డానికి దీపావళి, తుడవడానికి ఏమీ లేదు. ఒకసారి ఈ రెండూ సీసాలో పోసి మూత బిగించాను, మూత పైకప్పుకి కొట్టుకుంది. కావాలంటే ముందు సోడా, అది పూర్తిగా తీసేశాక విడిగా పులుపు. ఒకేసారి వద్దు.

ఇంకొక పొరపాటు నా పుట్టింట్లోనే. మా అమ్మది నెల్లూరు, ఆదివారమంటే చేపల పులుసే. కోసిన పీట మీద నీచువాసన పోవడానికి సోడా చల్లేది. చేప వాసన ఇచ్చే పదార్థాలే క్షార గుణమున్నవి, సోడాతో కదలవు. చింతపండు తుక్కుతోనో నిమ్మచెక్కతోనో పీట రుద్దండి. సోడాకి లొంగేది ఫ్రిజ్‌లో పులిసిన మజ్జిగ వాసన. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి రెండు చెంచాలు కలిపి అరలు తుడిస్తే చాలు. ముద్ద అక్కర్లేదు, మూడు గుడ్డలూ అక్కర్లేదు.

డబ్బాలో మిగిలిన సోడా పాతదైతే బజ్జీలు పొంగవు కానీ గట్టుకి బాగానే పనిచేస్తుంది. వంటకి ఒకటి, తుడవడానికి ఒకటి విడివిడిగా పెట్టుకుని మూతల మీద పేర్లు రాయండి. బట్టల సోడా డబ్బాని మాత్రం వంటింట్లోకే రానివ్వకండి.